ఎస్‌యూవీ బుక్ చేసే ముందు: వెయిటింగ్ పీరియడ్ వెనక అసలు లెక్క

2021 అక్టోబర్ 7న మహీంద్రా ఎక్స్‌యూవీ700కి బుకింగులు తెరిస్తే 57 నిమిషాల్లో 25 వేలు పూర్తయ్యాయి. మర్నాడు ఇంకో 25 వేలు దాదాపు రెండు గంటల్లో అయిపోయాయి. తర్వాతి ఏడాది జూలై 30న స్కార్పియో-ఎన్‌కి అరగంట కాకముందే లక్ష బుకింగులు పడ్డాయి. ఆ రోజు 21 వేల రూపాయలు కట్టినవాళ్లలో కొందరు దసరాకి కొత్త బండికి పూజ చేయించుకున్నారు. కొందరు ఏడాది తిరిగినా షోరూమ్‌కి ఫోన్లు చేస్తూనే ఉన్నారు. బుక్ చేసిన రోజు ఒకటే, కట్టిన డబ్బు ఒకటే, బండి పేరూ ఒకటే. మరి ఒకళ్లకి రెండు నెలలు, ఇంకొకళ్లకి ఏడాది ఎందుకు పట్టింది?

చాలామంది దీన్ని అదృష్టం అనుకుంటారు, లేదా షోరూమ్‌లో ఎవరో పలుకుబడి వాడారని అనుమానిస్తారు. రెండూ అక్కడక్కడా ఉంటే ఉండొచ్చు. కానీ అసలు కారణం వేరు. కొరత కాలంలో వరుస అనేది మోడల్‌కి ఉండదు. ఇంజిన్, గేర్‌బాక్స్, వేరియంట్, రంగు, ఈ నాలుగూ కలిసిన ఒక్కో కాంబినేషన్‌కి ఒక్కో వరుస ఉంటుంది. అది కూడా ఒక్కో డీలర్ దగ్గర వేరు. రైల్వే వెయిటింగ్ లిస్టులో కోటాలు ఉన్నట్టే ఇక్కడా ఉంటాయి. ఒక కోటా కదులుతుంది, పక్కది కదలదు. ఏ బండి కొనాలన్న ప్రశ్నకి జవాబు చెప్పుకునేటప్పుడు ఈ సంగతి మొదట్లోనే లెక్కలోకి రావాలి. బుక్ చేశాక తెలిస్తే లాభం లేదు.

కార్లలో ఎలక్ట్రానిక్ పనులు నడిపే చిప్‌ల కొరత ఎలా పుట్టిందో కాస్త తెలిస్తే, ఏ వరుస కదులుతుందో ఊహించడం తేలికవుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్లు మొదలవగానే ప్రపంచంలోని కార్ల కంపెనీలు చిప్ ఆర్డర్లు రద్దు చేసుకున్నాయి. ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్ల కోసం ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు, టీవీలు తయారుచేసే కంపెనీలు ఆ ఖాళీని వెంటనే అందుకున్నాయి. ఆ ఏడాది చివరికి కార్ల గిరాకీ తిరిగొచ్చేసరికి కార్ల కంపెనీలు వరుసలో వెనకబడ్డాయి. దానికి తోడు 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుఫాను వచ్చి అక్కడి చిప్ ఫ్యాక్టరీలు ఆగిపోయాయి. మార్చి 19న జపాన్‌లో రెనెసాస్ కంపెనీకి చెందిన నాకా ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. అదే ఏడాది మధ్యలో మలేషియాలో కొవిడ్ ఆంక్షలతో చిప్‌లకి ప్యాకింగ్, టెస్టింగ్ చేసే యూనిట్లు మూతపడ్డాయి. ఆ సెప్టెంబర్‌లో మారుతి సుజుకి హర్యానా, గుజరాత్ ఫ్యాక్టరీల్లో మామూలుగా అయ్యే ఉత్పత్తిలో 40 శాతమే సాధ్యమని ముందే ప్రకటించింది.

కార్లలో వాడే చిప్‌లలో ఎక్కువ భాగం పాత తరహావి. ధర తక్కువ, లాభం తక్కువ. వాటికోసం కొత్త ఫ్యాక్టరీ కట్టడానికి కంపెనీలు అంత తేలిగ్గా ముందుకు రావు. అందుకే కొరత అంత తొందరగా తీరలేదు. ఎయిర్‌బ్యాగులు, బ్రేకులు, పవర్ విండోలు, స్క్రీన్, కీ, అన్నింటికీ చిప్‌లు కావాలి. వాటిలో ఒక్కటి రాకపోయినా బండి గేటు దాటదు. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ ఇలా ఆగిపోయిన పెద్ద పికప్ ట్రక్కులని వేలకొద్దీ కెంటకీలోని ఒక రేసింగ్ ట్రాక్ పార్కింగ్ స్థలంలో నిలబెట్టింది. మొత్తం తయారై, ఒక్క భాగం కోసం ఎండకీ వానకీ నిలబడి ఉన్న బళ్లవి.

మన పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీకి ఏడాదికి 3 లక్షల బళ్లు తయారుచేసే సామర్థ్యం ఉంది. అనంతపురంలో ఉన్నవాళ్లు 'ఫ్యాక్టరీ పక్కనే కదా, మనకి ముందు రాదా' అని అడగడం సహజం. రాదు. చిప్ విదేశాల నుంచి రావాలి, వచ్చాక బండి తయారవ్వాలి, తయారైన బండి డీలర్ల కోటా ప్రకారం దేశమంతా వెళ్లాలి. దగ్గరగా ఉన్నందువల్ల ట్రక్కు మీద ప్రయాణించే రోజులు మాత్రమే తగ్గుతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చేతిలో పరిమితంగా చిప్‌లు ఉన్నప్పుడు కంపెనీ ఏ వేరియంట్ తయారుచేస్తుంది? రెండు ఒత్తిళ్లు పనిచేస్తాయి. ఒకటి లాభం: ఖరీదైన వేరియంట్ మీద మిగులు ఎక్కువ కాబట్టి, ఉన్న చిప్‌లు దానికి వాడటమే కంపెనీకి మేలు. రెండోది సరుకు: ఖరీదైన వేరియంట్‌కి చిప్‌లు కూడా ఎక్కువే కావాలి. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు లాగుతాయి. స్కార్పియో-ఎన్ విషయంలో మొదటిదే గెలిచింది. 2022 సెప్టెంబర్ 26న డెలివరీలు మొదలైనప్పుడు పై వేరియంట్ జెడ్8 ఎల్‌కి ముందు ఇస్తామని కంపెనీయే చెప్పింది. ఎక్స్‌యూవీ700లో అందుకు తలకిందులైంది. రాడార్, కెమెరాలు, పెద్ద సౌండ్ సిస్టం ఉన్న పై వేరియంట్ ఏఎక్స్7 ఎల్‌కి ఒక దశలో ఏడాదిన్నర దాకా వెయిటింగ్ చెప్పారు, కింది వేరియంట్లు దానికంటే ముందే దొరికాయి. ఇన్నోవా హైక్రాస్‌దీ అదే కథ. 2023 ఏప్రిల్‌లో పై వేరియంట్లయిన జెడ్ఎక్స్, జెడ్ఎక్స్(ఓ)లకి టయోటా బుకింగులే ఆపేసింది. కిందివాటికి మాత్రం తీసుకుంటూనే ఉంది.

కాబట్టి 'టాప్ ఎండ్ బుక్ చెయ్యి, తొందరగా వస్తుంది' అని ఎవరైనా సలహా ఇస్తే గుడ్డిగా నమ్మొద్దు. ఒక్కో మోడల్‌కి ఒక్కో లెక్క. ఇంజిన్‌ని బట్టి కూడా మారుతుంది. 2023 జనవరిలో వెనక చక్రాలకి మాత్రమే పవర్ వెళ్లే థార్ 9.99 లక్షల ప్రారంభ ధరతో వచ్చింది. 1.5 లీటర్ల డీజిల్‌కి జనం ఎగబడ్డారు, వెయిటింగ్ ఏడాదిన్నర దాకా వెళ్లింది. అదే థార్‌లో పెట్రోల్ ఆటోమేటిక్ ఖరీదు ఎక్కువ, అడిగేవాళ్లు తక్కువ, కాబట్టి చాలా ముందే దొరికింది. పట్నంలో ఆఫీసుకి పోయొచ్చే మనిషి, నెలకి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగని మనిషి, డీజిల్ కోసం ఏడాదిన్నర కాచుకోవడంలో అర్థం లేదని నా గట్టి అభిప్రాయం. డీజిల్ మీద మిగిలే డబ్బు ఆ తిరుగుడుకి చాలా కొద్ది.

షోరూమ్‌కి వెళ్తే మొదట వినిపించేది 'ఆరు నుంచి ఎనిమిది నెలలండీ' అన్న మాట. అందులో మీకు పనికొచ్చేది ఏమీ లేదు. అడగాల్సిన ప్రశ్నలు రెండు. నేను అడుగుతున్న ఇంజిన్, వేరియంట్, రంగులో మీ దగ్గర నా ముందు ఎంతమంది ఉన్నారు? గత మూడు నెలల్లో సరిగ్గా ఇదే కాంబినేషన్ మీకు ఎన్ని వచ్చాయి? ముందు 40 మంది ఉండి, మూడు నెలల్లో 15 వచ్చాయంటే నెలకి 5. అంటే 8 నెలలు. వరుసలో కొందరు క్యాన్సిల్ చేసుకుంటారు కాబట్టి కాస్త ముందే రావచ్చు. అదే 40 మంది ఉండి, మూడు నెలల్లో 3 మాత్రమే వచ్చి ఉంటే, ఆరు నుంచి ఎనిమిది నెలలు అన్న మాట వట్టిది. పక్క రంగులో 15 వచ్చాయేమో అప్పుడు అడగండి. తెలుపు మీద మనసున్నవాళ్లు బూడిద రంగుకి ఒప్పుకోవడం వల్ల సగం కాలం కలిసొచ్చిన సందర్భాలు ఉంటాయి. రంగు మార్చుకోవడానికి సాధారణంగా ఖర్చేమీ ఉండదు, కాబట్టి రాజీ పడాల్సి వస్తే మొదట రంగు దగ్గరే పడాలి.

సేల్స్ ఎగ్జిక్యూటివ్ ఈ లెక్క చెప్పడానికి తటపటాయిస్తే సేల్స్ మేనేజర్‌ని అడగండి. అక్కడా నీళ్లు నమిలితే ఇంకో డీలర్ దగ్గరికి వెళ్లండి. హైదరాబాద్‌లో వరుస పొడుగ్గా ఉన్న వేరియంట్ ఖమ్మంలోనో, కర్నూల్లోనో తొందరగా దొరకొచ్చు, ఎందుకంటే అలాట్‌మెంట్, అంటే బళ్ల కేటాయింపు, డీలర్ల వారీగా జరుగుతుంది. అయితే ఒక డీలర్ నుంచి ఇంకో డీలర్‌కి బుకింగ్ మార్చుకుంటే పాత తేదీ నిలుస్తుందా, కొత్త తేదీ పడుతుందా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోవాలి. వేరియంట్ మార్చుకున్నా ఇదే జాగ్రత్త. స్కార్పియో-ఎన్ బుక్ చేసినవాళ్లకి వేరియంట్, రంగు మార్చుకోవడానికి 2022 ఆగస్టు 15 అర్ధరాత్రి దాకా గడువిచ్చారు. అలాంటి గడువు ఇచ్చినప్పుడు దాన్ని వాడుకోవాలి, ఆ తర్వాత మనసు మారితే వరుస మళ్లీ మొదలుకావచ్చు.

ఇద్దరు ముగ్గురు డీలర్ల దగ్గర, రెండు మూడు మోడళ్లకి బుక్ చేసి ఏది ముందొస్తే అది తీసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లని తప్పుపట్టలేం, కానీ వరుస నిజంగా ఎంత పొడుగో ఎవరికీ తెలియకపోవడానికి ఇది కూడా కారణం. 2023 ఫిబ్రవరి నాటికి ఒక్క మహీంద్రా దగ్గరే 2.6 లక్షలకు పైగా బుకింగులు పెండింగులో ఉన్నాయి. వాటిలో ఎన్ని నిఖార్సైనవో బండి వచ్చిందని ఫోన్ చేసినప్పుడుగానీ తేలదు. మీరు రెండు చోట్ల బుక్ చేయాలనుకుంటే క్యాన్సిల్ చేసినప్పుడు ఎంత కోస్తారో, డబ్బు ఎన్ని రోజుల్లో వెనక్కి వస్తుందో రసీదు మీద రాయించుకోండి.

ధర దగ్గర చాలామంది దెబ్బతింటారు. బుక్ చేసిన రోజు ధరకి సాధారణంగా హామీ ఉండదు, ఇన్‌వాయిస్ వేసిన రోజు ధరే వర్తిస్తుంది. ఎక్స్‌యూవీ700 మొదటి 25 వేల మందికి 11.99 లక్షల నుంచి ఇచ్చారు, ఆ తర్వాతి వాళ్లకి అది 12.49 లక్షలయింది. గంట ఆలస్యంగా ఫోన్ పట్టుకున్నవాళ్లకి 50 వేలు తేడా. పెరిగేది ఎక్స్‌షోరూమ్ ధర ఒక్కటే కాదు, దానిమీద లైఫ్ ట్యాక్స్ కూడా పెరుగుతుంది. 2022 మేలో తెలంగాణ పెట్టిన స్లాబులు చూడండి: 10 లక్షలు దాటి 20 లక్షల లోపు బండికి 17 శాతం, 20 లక్షలు దాటితే 18 శాతం. బుక్ చేసినప్పుడు బండి 19.80 లక్షలు అనుకుందాం, ట్యాక్స్ 3,36,600 అవుతుంది. ఎదురుచూసే కాలంలో ధర 40 వేలు పెరిగి 20.20 లక్షలయితే స్లాబు మారిపోయి ట్యాక్స్ 3,63,600 అవుతుంది. అంటే ధర పెరిగింది 40 వేలు, మన చేతి నుంచి పోయేది 67 వేలు. స్లాబుల రేట్లు అప్పుడప్పుడు మారుతుంటాయి కానీ లెక్క పద్ధతి ఇదే. మీ బండి ధర ఏదైనా స్లాబు అంచున ఉంటే ఒక మెట్టు కింది వేరియంట్ గురించి గట్టిగా ఆలోచించండి.

వడ్డీ సంగతి ఇంతకంటే పెద్దది, దాన్ని పట్టించుకునేవాళ్లు మాత్రం తక్కువ. 2022 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంక్ రెపో రేటు, అంటే అది బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ రేటు, 4 శాతం. 2023 ఫిబ్రవరికి అది 6.5 శాతానికి చేరింది. ఈ మధ్యలో బండి కోసం ఎదురుచూసినవాళ్లు అప్పు కూడా కొత్త రేటుకే తీసుకోవాల్సి వచ్చింది. 15 లక్షలు ఏడేళ్లకి 7.5 శాతం వడ్డీతో తీసుకుంటే ఈఎంఐ దాదాపు 23 వేలు. అదే 9.5 శాతమైతే సుమారు 24,500. ఏడేళ్లలో తేడా లక్షా పాతిక వేలు దాటుతుంది. బ్యాంకు ముందే అప్పు మంజూరు చేసిందని నిశ్చింతగా ఉండటానికి లేదు, ఆ మంజూరుకీ గడువుంటుంది. వడ్డీ రేట్లు పెరిగే కాలంలో ఎనిమిది నెలలు ఆగి నచ్చిన వేరియంట్ తీసుకోవడం కంటే రెండు నెలల్లో వచ్చే కింది వేరియంట్ తీసుకోవడమే చాలామందికి లాభం. రేట్లు తగ్గే కాలంలో ఇదే లెక్క తిరగబడుతుంది. పన్ను విషయంలో 2025 సెప్టెంబర్ 22న అదే జరిగింది. జీఎస్టీ, సెస్సు కలిపి పెద్ద ఎస్‌యూవీల మీద 50 శాతం ఉన్న పన్ను 40 శాతానికి దిగింది. పన్ను కాక 10 లక్షల బండి 15 లక్షల నుంచి 14 లక్షలకు వచ్చింది. ఆ రోజు నాటికి ఇంకా డెలివరీ కాని వాళ్లకి ఆ ఆలస్యమే కలిసొచ్చింది.

ఎదురుచూసే కాలంలో బండే మారిపోవచ్చు. 2023 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 రెండో దశ కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాయి. దానికి ముందు కియా తన డీజిల్ బళ్లలో మామూలు మాన్యువల్ గేర్‌బాక్స్ తీసేసి క్లచ్ పెడల్ లేని ఐఎంటీ పెట్టింది. క్లచ్ తొక్కి గేరు మార్చడం ఇష్టపడి ఆ బండి ఎంచుకున్నవాళ్లకి చేతికొచ్చేసరికి వేరే బండి అయింది. కొరత వల్ల ఫీచర్లు తగ్గడమూ మామూలే. జనరల్ మోటర్స్ 2021 చివర్లో అమెరికాలో కొన్ని మోడళ్లకి సీటు వేడిచేసే సదుపాయం తీసేసింది. జపాన్‌లో టయోటా 2022లో రెండు స్మార్ట్ కీల బదులు ఒక స్మార్ట్ కీ, ఒక మామూలు తాళం ఇచ్చింది. మీరు బుక్ చేసిన రోజున్న బ్రోచర్ పీడీఎఫ్ దాచుకోండి, డెలివరీ రోజు పక్కన పెట్టుకుని ఒక్కో లైను చూడండి. తగ్గిన ఫీచర్‌కి ధర తగ్గించారో లేదో అడిగే హక్కు మీకుంది.

పికప్ ట్రక్కు కొనాలనుకునేవాళ్ల పరిస్థితి ఇంకా ఇరుకు. పొలానికి, వ్యాపారానికి, కుటుంబానికి ఒకే బండి కావాలనుకుంటే మన దేశంలో దొరికేవి రెండు మూడే. టయోటా హైలక్స్‌ని 2022 జనవరిలో పరిచయం చేసి, ధర కూడా ప్రకటించకముందే ఫిబ్రవరిలో బుకింగులు ఆపేశారు. తర్వాత 33.99 లక్షల నుంచి ధర చెప్పారు. అదే సమయంలో ఇసుజు వి-క్రాస్ ఉంది. ఇది మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే తయారవుతుంది. హైలక్స్ పేరు పెద్దది, రీసేల్ కూడా బాగుంటుంది. కానీ బరువు వేసుకుని మట్టిదారుల్లో తిరగాల్సిన మనిషికి బుకింగ్ ఎప్పుడు తెరుస్తారో తెలియని బండి కోసం ఒక పంట కాలం పోగొట్టుకోవడం సరికాదు. బండి పనికోసం కొంటున్నట్టయితే, రాని బండి వల్ల రోజుకి ఎంత నష్టమో కాగితం మీద వేసుకుంటే నిర్ణయం తేలిపోతుంది. అద్దె బండికి పెట్టే ఖర్చు కూడా అందులో కలపాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఈ లెక్క కొంచెం వేరుగా ఉంటుంది. ఫోర్డ్ లాంటి కంపెనీలకి ఫలానా ఇంజిన్, ఫలానా రంగు అని ఆర్డర్ పెట్టొచ్చు. కానీ కొరతలో ఆ ఆర్డర్లకీ తలుపులు మూస్తారు. మావరిక్ అనే చిన్న పికప్‌కి 2022 మోడల్ ఆర్డర్లు ఆ జనవరిలోనే ఆపేశారు. 2023 మోడల్‌కి సెప్టెంబర్‌లో తెరిస్తే హైబ్రిడ్ కోటా వారంలో నిండిపోయింది. టయోటా పద్ధతి ఇంకోలా ఉంటుంది. అక్కడ కస్టమర్ నేరుగా ఫ్యాక్టరీకి ఆర్డర్ పెట్టలేడు, డీలర్‌కి వచ్చే కోటాలోంచే ఎంచుకోవాలి. అందుకే సియెన్నా, హైలాండర్ హైబ్రిడ్ కోసం చూసేవాళ్లు వంద మైళ్ల దూరంలో ఉన్న డీలర్లని కూడా అడగాలి. బండి అద్దానికి అతికించే కంపెనీ ధర (స్టిక్కర్ ధర) మీద 'మార్కెట్ అడ్జస్ట్‌మెంట్' అని డీలర్ వేసే అదనం కంపెనీది కాదు, ప్రభుత్వానిదీ కాదు. కొన్ని ఊళ్లలో అది వేలల్లో ఉంటే ఇంకొన్ని చోట్ల అసలు ఉండదు.

మన దగ్గర ఆ అదనం వేరే రూపంలో వస్తుంది. 'ఈ బండి ఈ వారమే ఇస్తాం, కాకపోతే 60 వేల యాక్సెసరీలు, ఇన్సూరెన్స్ మా దగ్గరే తీసుకోవాలి' అంటారు. ఇన్సూరెన్స్ ఏ కంపెనీ దగ్గర తీసుకోవాలన్నది కొనేవాళ్ల ఇష్టం, డీలర్ బలవంతం చేయడానికి లేదు. బయట అదే కవరేజీకి కొటేషన్ తెచ్చి ముందు పెడితే చాలాసార్లు ధర దిగుతుంది. ఆన్‌రోడ్ ధరని ఒకే అంకెగా ఒప్పుకోకుండా ఎక్స్‌షోరూమ్, లైఫ్ ట్యాక్స్, టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) ఫీజు, ఇన్సూరెన్స్, యాక్సెసరీలు, హ్యాండ్లింగ్ విడివిడిగా రాయించండి. హ్యాండ్లింగ్ పేరుతో వేసేది ప్రభుత్వానికి పోయే డబ్బు కాదు, దానిమీద గట్టిగా అడగొచ్చు.

ఎక్కడ రాజీ పడాలి, ఎక్కడ పడకూడదు అన్నది ఇంట్లో కూర్చుని ముందే తేల్చుకోవాలి. నా వరకు అయితే ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ (బండి జారకుండా అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) లాంటి భద్రతా ఫీచర్లు లేని వేరియంట్‌కి తొందరగా వస్తుందన్న కారణంతో దిగను. ఆరు నెలల ఆలస్యం మర్చిపోతాం, పదేళ్లు ఆ బండిలోనే పిల్లలు తిరుగుతారు. సన్‌రూఫ్, పెద్ద చక్రాలు, రంగు, స్పీకర్లు వదులుకోవచ్చు. మీడియా స్క్రీన్, సీటు కవర్లు బయట వేయించుకోవచ్చు. ఫోర్ వీల్ డ్రైవ్ నిజంగా వాడేది మనలో ఎందరో నిజాయితీగా అడగాలి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మాత్రం సిటీ ట్రాఫిక్‌లో రోజూ నడిపేవాళ్లకి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి అవసరమే, దానికోసం కొన్ని నెలలు ఆగినా తప్పులేదు. ఈ బండి కోసమని పాత బండిని ముందే అమ్మేయకండి. డెలివరీ తేదీ మీద నమ్మకంతో అమ్మేసి, నెలల తరబడి క్యాబ్‌ల మీద ఆధారపడితే ఆ టెన్షన్‌లో చివరికి ఏది దొరికితే అది కొనేస్తాం.

కొరత 2023తో అయిపోయిందనుకోవడానికి లేదు. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన లోహాల అయస్కాంతాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. ఎలక్ట్రిక్ బళ్ల మోటార్లకి అవే ప్రాణం. అదే ఏడాది అక్టోబర్‌లో నెక్స్‌పీరియా అనే చిప్ కంపెనీ మీద నెదర్లాండ్స్‌కీ చైనాకీ మధ్య గొడవ ముదిరి, ఉత్తర అమెరికాలో హోండా ఉత్పత్తి తగ్గించుకోవాల్సి వచ్చింది. ఈసారి కొరత ఏ భాగానిదో చూసుకుంటే ఏ వేరియంట్ ఆగుతుందో తెలుస్తుంది. అయస్కాంతాలు రాకపోతే ఎలక్ట్రిక్, హైబ్రిడ్ వరుసలు ముందు ఆగుతాయి, మామూలు పెట్రోల్ బండి మీద ఆ ప్రభావం తక్కువ.

చివరికి షోరూమ్ నుంచి 'సార్, మీ బండి అలాట్ అయింది, రెండు రోజుల్లో డబ్బు కట్టాలి' అని ఫోన్ వస్తుంది. నెలల తరబడి ఎదురుచూసినవాళ్లు ఆ తొందరలో పరీక్షగా చూడకుండా డబ్బు పంపేస్తారు. ముందు చాసిస్ నంబర్ అడగండి, దాని నుంచి తయారైన నెల, సంవత్సరం తెలుస్తాయి. జనవరిలో చేతికొచ్చే బండి కిందటి ఏడాది తయారైనదైతే రీసేల్‌లో ఒక ఏడాది పాతదిగా లెక్కేస్తారు, ధరలో తగ్గింపు అడగాలి. తర్వాత యార్డుకి వెళ్లి పగటి వెలుతురులో బండి చుట్టూ తిరిగి చూడండి, ఓడోమీటర్ చూడండి, టైర్ల మీద తయారీ వారం చూడండి, రెండు తాళాలూ ఉన్నాయో లేవో చూడండి. ఏదైనా తేడా ఉంటే ఇన్‌వాయిస్ వేయకముందే చెప్పాలి. రిజిస్ట్రేషన్ అయిపోయాక ఆ బండి వెనక్కి పోదు.